మెట్టనేల తోడేలు

మన ప్రబంధకవులకు మృగయావర్ణనం ప్రీతిపాత్రమైన ఘట్టం. మనుచరిత్రలోని స్వరోచి వేట అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణం. అయితే కావ్యాలలోని వేటలో వరాహానికి, శార్దూలానికి, హరిణానికి దక్కిన గౌరవం తోడేలుకు దక్కలేదు. నక్క మాత్రం కరటక దమనకుల రూపంలో నీతికథలలో మంత్రిపదవినే సంపాదించుకొన్నది. నిఘంటుకారులు ఈ రెండింటిని స్పష్టంగా వేరుచేశారు. జంబుకం, సృగాలం, గోమాయువు అంటే నక్క. వృకం, ఈహామృగం అంటే తోడేలు. భీముడు వృకోదరుడయినది ఈ వృకం వల్లనే. దశరూపకాలలో ఒకదాని పేరు ఈహామృగమని అలంకారశాస్త్రం చదివినవారు ఎరుగుదురు. పల్లెలలో నేడు ఈ విచక్షణ సన్నగిల్లింది. మసకచీకటిలో చేనిగట్టు దాటిన ప్రతి మృగమూ నక్కే. గొర్రెపిల్లను ఎత్తుకుపోయిన ప్రతి మృగమూ తోడేలే. ఈ పొరపాటుకు మూల్యం చెల్లించేది ఆ మృగాలే.

2016 అక్టోబరులో పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ప్రాంతంలో కుక్క కుటుంబానికి చెందిన వన్యమృగాలు నాలుగున్నాయి. వాటిలో చిన్నది గుంటనక్క. దీని బరువు రెండు మూడు కిలోలకు మించడం అరుదు. ఒళ్లు బూడిదరంగు, తోక పొడుగు, తోకచివర నలుపు. నక్క బరువు ఎనిమిది నుండి పదకొండు కిలోలు. పసుపు, గోధుమ, నలుపు రంగులు కలిసిన బొచ్చు దీనిది. తోడేలు పొడవైన కాళ్లతో నిలిచి, ఇరవై కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. ధూసరవర్ణపు వీపు మీద నల్లని వెండ్రుకలు, కాళ్లు లేతరంగు. నాలుగవది నల్లమలలో సంచరించే రేచుకుక్క. తుప్పు వంటి ఎరుపురంగు, నల్లని కుచ్చుతోక ఉన్న ఈ మృగం గుంపుగా వేటాడుతుంది. మొరగడానికి బదులు ఈలవేసి తోటివాటిని పిలుచుకొంటుంది.

దక్కను తోడేలుకు శాస్త్రలోకంలో పేరుపెట్టినవాడు కర్నల్ విలియం హెన్రీ సైక్స్. 1831లో ఆయన దానిని ‘పాలిపెస్’ అన్నాడు. లేతరంగు పాదాలు గలది అని ఆ లాటిన్ మాటకు అర్థం. అదే తోడేలు కెనడా, అలాస్కా అడవులలో నలభై కిలోలు దాటుతుంది. ఒకే జాతిలో ఇంత భేదం ఎందుకు? శీతలదేశాలలోని జంతువుల దేహం పెద్దదై ఉంటుందని 1847లో జర్మన్ శాస్త్రజ్ఞుడు బెర్గ్‌మన్ సూచించాడు. పెద్ద దేహం వేడిని త్వరగా కోల్పోదు; చిన్న దేహం త్వరగా చల్లబడుతుంది. తేమ ఎక్కువైన చోట జంతువుల రంగు ముదురుగాను, పొడినేలలలో లేతగాను ఉంటుందని అంతకుముందే, 1833లో, గ్లోగర్ గ్రహించాడు. ఇవి తప్పని నియమాలు కావు. ఆహారమెంత దొరుకుతుందనేది కూడా శరీరపరిమాణాన్ని శాసిస్తుంది.

ఉత్తర అమెరికాలో మన నక్కను పోలిన కొయోటీ ఈ విషయంలో మంచి నిదర్శనం. పడమటి ఎడారులలోనిది చిన్నది, పాలిపోయిన రంగుది. తూర్పు అడవులలోనిది బరువైనది, ముదురురంగుది. తూర్పుదాని రక్తంలో తోడేలు, పెంపుడుకుక్కల అంశ కలిసి ఉన్నదని జన్యుపరీక్షలు తేల్చాయి. అక్కడి వేటగాండ్రు ఏటా వేలసంఖ్యలో కొయోటీలను చంపుతున్నా అది తరగలేదు సరికదా, ఖండమంతటా వ్యాపించింది.

మన తోడేలుకు ఆ భాగ్యం లేదు. బ్రిటిషు పాలనలో తోడేలును చంపినవారికి బహుమానమిచ్చేవారు. 1875 నుండి 1925 వరకు, యాభై సంవత్సరాలలో, రెండు లక్షల తోడేళ్లు హతమయ్యాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్కగట్టారు. నేడు దేశమంతటా మిగిలినవి సుమారు మూడువేలు! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టం వేటను నిషేధించింది. తోడేలు మొదటి షెడ్యూలులో ఉన్నది. 2022 సవరణతో నక్క కూడా ఆ షెడ్యూలులో చేరింది. వాటిని చంపినవారికి మూడేండ్లకు తక్కువకాని కారాగారశిక్ష, ఇరవై ఐదు వేలకు తక్కువకాని జరిమానా పడతాయి. అయినా ‘నక్కకొమ్ము’ అదృష్టం తెస్తుందని నమ్మి కొనేవారున్నారు. నక్కకు కొమ్ములుండవు. తోలుముక్కకు బొచ్చు అతికించి అమ్మే ఆ వస్తువు కోసం నిజమైన నక్కలు చచ్చిపోవడం ఎంత విడ్డూరం! అడవిపందుల కోసం చేను చుట్టూ పెట్టిన కరెంటుతీగ పంది ఏదో నక్క ఏదో ఎరుగదు. మనుషులు కూడా ఆ తీగకు బలి అవుతున్నారు.

వేటకన్నా పెద్ద చిక్కు నేలది. రేచుకుక్కకు నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం రక్షణగా ఉన్నది. తోడేలు దట్టమైన అడవిలో ఇమిడే మృగం కాదు. రాళ్లగుట్టలు, తుమ్మచెట్లు, గడ్డిబీళ్లు దాని ఆవాసం. ప్రభుత్వపు లెక్కలలో ఆ నేల వట్టి బీడు. జూరాల, నెట్టెంపాడు, కల్వకుర్తి పథకాల కృష్ణాజలాలు ఎన్నో బీళ్లను పొలాలుగా మార్చాయి. కరవుకు, వలసకు పేరుపడిన ఈ సీమకు ఆ నీరు ప్రాణాధారం, దానిని కాదనేవారెవరు? కాని బీడు తరిగినకొద్దీ కుందేలు, జింక తరిగి, తోడేలు మందలపై పడుతుంది. రెండు గొర్రెలు పోతే కాపరి కుటుంబానికి నెలల సంపాదన పోయినట్లే. వన్యమృగం చంపిన పశువుకు అటవీశాఖ పరిహారమిస్తుంది. ఆ పరిహారం కోసం కళేబరాన్ని కదల్చకుండా కాపాడి, అధికారి వచ్చేదాకా మందను నిలిపి ఉంచడం నడకనే నమ్ముకొన్న కాపరికి తేలిక కాదు.

తోడేలు శరత్తు చివర జతకడుతుంది. రెండు నెలలకు, చలికాలంలో, బొరియలో పిల్లలు పుడతాయి. బొరియను పొగబెట్టి పిల్లలను చంపడం ఒక పాత అలవాటు. గుంపులోని పెద్దవన్నీ కలిసి పిల్లలను సాకుతాయి గనుక, ఆ కొద్ది వారాలలో ఒక బొరియ నాశనమైతే ఒక గుంపు ఏడాదిపాటు చేసిన శ్రమ వ్యర్థమవుతుంది. బొరియ ఏ గుట్ట కింద ఉన్నదో అటవీశాఖవారికన్నా ముందు తెలిసేది కాపరికే.