ఎవరు చూచుటకు?

చదువవలసిన వాక్యభాగములు: మత్తయి 6:1–18, మత్తయి 23:1–12, గలతీయులకు 2:11–14



పగటివేషగాండ్రను మనలో పెద్దలు ఎరుగుదురు. వారు ఊరికి వచ్చి, ఒకనాడు అర్ధనారీశ్వరుడుగా, ఒకనాడు బుడబుక్కలవానిగా, మరియొకనాడు సోమయాజులు సోమిదేవమ్మలుగా వీధి వీధి తిరిగెడివారు. కడపటి దినమున ఇంటింటికి వచ్చి సంభావన అడిగి తీసికొనెడివారు. వారిని ఎవరును తప్పుపట్టలేదు. అది వేషమని చూచువారికి తెలియును. చూచువారికి తెలియునని వేషగానికిని తెలియును. అందులో మోసము లేదు.

మన ప్రభువు శాస్త్రులను పరిసయ్యులను వేషధారులని పిలిచెను. సువార్తలలో ఆ చోట నున్న గ్రీకు మాటకు నాటకములో పాత్ర ధరించువాడని అర్థము గలదు. ఆ దేశపు నటులు కృత్రిమమైన ముఖములు తగిలించుకొని ఆడెడివారు. కాబట్టి మన తెలుగు బైబిలులోని మాట మిక్కిలి తగియున్నది. అయితే పగటివేషగానికిని వేషధారికిని ఒక భేదము గలదు. వేషధారి తన వేషమే నిజమని ఇతరులను నమ్మించును; కొంతకాలమునకు తానును నమ్మును.

వేషమునకు ముఖ్యముగా కావలసినదేమి? రంగు కాదు, బట్ట కాదు. చూచువాడు కావలెను. చూచువాడు లేనియెడల వేషము వేయువాడును లేడు. గనుక ఈ నెల పాఠములో మనలను మనము అడుగుకొనవలసిన ప్రశ్న ఇది: మన భక్తి ఎవరు చూచుటకు?

1. సాహిత్యములో వేషధారి

ఫ్రెంచి నాటకకర్తయైన మోలియేర్ వ్రాసిన ‘టార్టూఫ్’ అను నాటకము 1664లో పదునాలుగవ లూయీ రాజు ఎదుట మొదట ఆడబడెను. అందులో ఒర్గాన్ అను ధనవంతుడు, భక్తుని వేషములోనున్న టార్టూఫును తన యింట చేర్చుకొనును. తన కుమార్తెను అతనికిచ్చెదననును; తన ఆస్తినే వ్రాసియిచ్చును. ఇంటివారు ఎంత చెప్పినను వినడు. తుదకు అతని భార్య అతనిని బల్లక్రింద దాచి, టార్టూఫును పిలిపించును. ఎవరును చూచుటలేదని తలంచిన ఆ భక్తుడు ఆ యింటి ఇల్లాలినే కోరును. బల్లక్రింద నున్నవానికి అప్పుడు కన్నులు తెరవబడును. ఈ నాటకము మతమునకే అవమానమని కొందరు మతాభిమానులు మండిపడగా, బహిరంగముగా ఆడకుండ నిషేధింపబడెను. 1669లోగాని పూర్తి అనుమతి దొరకలేదు.

మన తెలుగులో గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడెను. అందులోని గిరీశము ఒక్కొక్కరి యెదుట ఒక్కొక్క మనిషి. శిష్యుడైన వెంకటేశమునకు వితంతు వివాహమునుగూర్చి ఉపన్యాసములిచ్చును. వేశ్యల పొత్తు కూడదనును. తానైతే మధురవాణి యింట నుండును. పూటకూళ్లమ్మ సొమ్ము అపహరించును. సంస్కారము పేరు చెప్పి బాలవితంతువైన బుచ్చమ్మను లేవదీసికొని పోవును. తుదకు సౌజన్యారావు పంతులు నిజము తెలిసికొని అతనిని దూరముగా పంపివేయును.

ఇచ్చట ఒక సంగతి గమనింపుడు. గిరీశము మోసగాడైనంత మాత్రమున వితంతువుల కన్నీరు అబద్ధము కాలేదు. అప్పారావుగారు ఎగతాళి చేసినది వేషమును, సంస్కారమును కాదు. “గుడిలో వేషధారులున్నారు గనుక నేను గుడికి రాను” అనువారికి ఇదియే జవాబు. మోషే పీఠముమీద కూర్చున్నవారు చెప్పునది చేయుమనియు, వారి క్రియలచొప్పున చేయవద్దనియు ప్రభువు బోధించెను (మత్తయి 23:3). దొంగ నాణెము దొరికినదని మంచి నాణెమును ఎవరును పారవేయరు గదా.

2. మంచివాడు వేసికొన్న వేషము

టార్టూఫు, గిరీశము దుష్టులు. వారిని చూచి నవ్వి, మనము వారివంటివారము కామని నెమ్మదిగా ఇంటికి పోవచ్చును. అందుచేత బైబిలు మనకు దుష్టుని కాదు, అపొస్తలుడైన పేతురునే చూపించుచున్నది.

పేతురు కొర్నేలీ యింట దేవుడు పక్షపాతి కాడని నేర్చుకొనినవాడు (అపొ. కార్యములు 10). అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనము చేసెను. ఇంతలో యెరూషలేములోని యాకోబునొద్దనుండి కొందరు వచ్చిరి. వారిని చూచి పేతురు భయపడి, వెనుకతీసి, వేరైపోయెను. తక్కిన యూదులు అతని వెంబడించిరి. బర్నబా సహితము ఆ మాయవేషములో కొట్టుకొనిపోయెను. పేతురు విశ్వాసము మారినదా? లేదు. చూచువారు మారిరి; అంతట అతని పంక్తియు మారెను. వేషధారణకు మూలము ఎల్లప్పుడు దురాశయే కాదు; అనేక పర్యాయములు మనుష్యుల భయమే.

3. మన సంఘములో

1941లో వెలువడిన గుర్రం జాషువాగారి ‘గబ్బిలము’ అను కావ్యములో, అంటరానివాడనబడిన ఒక బీదవాడు గబ్బిలముచేత శివునికి తన మొర చెప్పి పంపును. గుడిలోనికి తనకు లేని ప్రవేశము గబ్బిలమునకు గలదు! 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పదునేడవ అధికరణముచేత అంటరానితనమును రద్దుచేసెను. 1955లో దానిని శిక్షించు చట్టము వచ్చెను. చట్టము వచ్చి ఇన్నాళ్లైనను మనస్సులు అంత త్వరగా మారలేదు.

బయటివారి మాట అటుంచుదము. ఆదివారము ఒకే రొట్టెలో పాలుపొందిన మనము, మరునాడు పెండ్లి విందులో ఎవరి ప్రక్కన కూర్చుందుమో చూచుకొనుట లేదా? పొరుగూరి చుట్టములు లేనప్పుడు కలిసి తినినవారము, వారు రాగానే విస్తరి జరుపుకొనుట లేదా? సంబంధము చూచునప్పుడు మొదట అడుగునది పిల్లవాని విశ్వాసమునా, కులమునా? అంతియొకయ మనకు దూరము కాదు. ఈ పాఠము వ్రాయుచున్న నేనును “వారేమనుకొందురో” అని ఊరకుండిన దినములు గలవు.

4. దీనికి మందు

మనుష్యులకు కనబడవలెనని ధర్మము, ప్రార్థన, ఉపవాసము చేయువారు తమ ఫలమును పొందియున్నారని ప్రభువు చెప్పెను. అక్కడి గ్రీకు మాట ఆ కాలపు రశీదులలో వాడబడినది. ధాన్యము అమ్మినవాడు “సొమ్ము పూర్తిగా ముట్టినది” అని చీటి వ్రాసియిచ్చిన తరువాత మరల అడుగగలడా? మెప్పుకొరకు చేసినవానికి మెప్పు ముట్టినది. ఇక రావలసిన బాకీ లేదు.

గనుక ప్రభువు మనలను గదిలోనికి పోయి తలుపు వేసికొనుమనుచున్నాడు. చూచువారిని మార్చుకొనుమని దాని భావము. రహస్యమందు చూచు తండ్రియెదుట వేషము నిలువదు, వేషముతో పనియు లేదు.

బలహీనులైన సహోదరులారా, అధైర్యపడకుడి. పడి, ఏడ్చి, లేచువాడు వేషధారి కాడు. రొమ్ము కొట్టుకొనిన సుంకరి నీతిమంతుడుగా ఇంటికి వెళ్లెను. పౌలు అందరియెదుట గద్దించినను, పేతురు రెండవ పత్రికలో పౌలు ప్రియ సహోదరుడనబడెను. గద్దింపును సహించువానికి వేషము విప్పుట సాధ్యము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఎవరును చూడనియెడల నేను మానివేయు భక్తిక్రియ ఏది?
2. ఎవరిని చూచి నేను నా పంక్తిని మార్చుకొనుచున్నాను?
3. ఈ నెలలో ఏ యింటివారిని మా యింట భోజనమునకు పిలువవలెను?

ప్రార్థన: రహస్యమందు చూచు తండ్రీ, మనుష్యుల కన్నులకు భయపడిన మమ్మును క్షమించుము. నీ బల్లయొద్ద ఒకటిగా నుండు మమ్మును మా యిండ్ల భోజనపంక్తిలోను ఒకటిగా చేయుము. ఆమేన్.