ఒకే పంచమి, ఇద్దరు ఆచార్యులు



వైశాఖ శుద్ధ పంచమి సమీపించినప్పుడల్లా యాత్రికులు నన్ను అడిగే ప్రశ్న ఒకటున్నది. "పంతులుగారూ, శంకర జయంతీ, రామానుజ జయంతీ ఒకేనాడు వచ్చినవేమి? ఒక్కొక్క ఏడు వేర్వేరుగా చేస్తారు కదా?" ప్రశ్న చిన్నదే. కాని దీనికి సమాధానం తెలియని రోజులలో నేనొక పెద్దమనిషి మనసు నొప్పించాను. కనుక కొంత విపులంగానే చెప్పవలసి ఉన్నది.

శంకర భగవత్పాదుల జయంతికి తిథి ప్రమాణం. కేరళదేశంలోని కాలడిలో వైశాఖ శుద్ధ పంచమినాడు వారు అవతరించారని సంప్రదాయం. ఇది చాంద్రమానపు లెక్క. భగవద్రామానుజుల తిరునక్షత్రానికి సౌరమానం ప్రమాణం. సూర్యుడు మేషరాశిలో ఉండగా, అనగా తమిళుల చిత్తిరై మాసంలో, ఆర్ద్రా నక్షత్రం ఏనాడు వస్తే ఆనాడే ఉత్సవం. పింగళ నామ సంవత్సరంలో, క్రీ.శ. 1017లో, శ్రీపెరుంబుదూరులో వారి జననం.

ఒకరికి తిథి, మరొకరికి నక్షత్రం అయినప్పుడు ఈ రెండూ కలిసేదెట్లా? సూర్యచంద్రుల నడుమ దూరం 12 భాగలు పెరిగితే ఒక తిథి. శుద్ధ పంచమినాడు ఆ దూరం 48 నుండి 60 భాగల వరకు ఉంటుంది. ఆర్ద్ర మేషాది నుండి 66 భాగల 40 కళల వద్ద మొదలై 80 భాగల వద్ద ముగుస్తుంది. మేష సంక్రమణం ఏప్రిల్ 14 ప్రాంతంలో కదా! అటుపిమ్మట ఒక వారం గడచి, సూర్యుడు ఇంకా మేషంలో ఉండగానే పంచమి వచ్చినదా, చంద్రుడు ఆర్ద్రలోనో దాని దాపుననో ఉండక తప్పదు. అందుచేతనే 2023లో ఏప్రిల్ 25న, 2025లో మే 2న రెండు జయంతులూ ఒకేనాడు జరిగినవి. 2021లో మాత్రం రామానుజ జయంతి ఏప్రిల్ 18న, శంకర జయంతి మే 17న వచ్చినవి. ఆ పంచమినాటికి సూర్యుడు వృషభంలో ప్రవేశించి ఉన్నాడు. చాంద్ర సంవత్సరం సౌర సంవత్సరం కంటె సుమారు 11 దినములు తక్కువగుటచేత తిథి ఏటేటా ముందుకు జరుగుతుంది, అధికమాసం వచ్చి దానిని మరల వెనుకకు నెడుతుంది. (ఉత్తరదేశంలో సూరదాసు జయంతిని కూడా ఈ పంచమినాడే చేస్తారు.)

ఇక నా సంగతి. నలభై యేండ్ల క్రిందట నేనొక ఆలయ పాఠశాలలో వేదాంతం చెప్పేవాడను. శంకర జయంతినాటి సాయంకాలం మండపంలో నా ఉపన్యాసం. ఒక వృద్ధ వైష్ణవస్వామి వచ్చి, "శాస్త్రిగారూ, ఈ వేళ మా ఎంబెరుమానారుల తిరునక్షత్రం కూడానండీ. ఒక్క గంటసేపు మండపం ఇప్పిస్తే చాలు" అన్నారు. "ఇది మా పంచమి స్వామీ, మీ ఆర్ద్రకు మరొక చోటు చూసుకోండి" అన్నాను. చుట్టూ ఉన్న విద్యార్థులు నవ్వారు. ఆయన మారుమాట లేకుండా వెళ్లి, కోనేటి మెట్లమీద నలుగురిని కూర్చోబెట్టుకొని పారాయణం చేసుకొన్నారు. నా ఉపన్యాసం నడుమ వారి గొంతు వినబడుతూనే ఉన్నది.

తరువాత కొన్నేండ్లకు వైష్ణవ గురుపరంపర గ్రంథాలు చూడవలసివచ్చినది. రామానుజుల జననకాలాన్ని చెప్పేచోట మేషమాసం, ఆర్ద్ర, వాటితోపాటు శుక్లపక్ష పంచమి కూడ కనబడినది. మేషంలో సూర్యుడుండగా ఆర్ద్రతో కలిసే శుక్లపంచమి వైశాఖ పంచమియే. నేను "మా పంచమి" అన్నది వారి ఆచార్యుల జన్మతిథి కూడానన్నమాట! లెక్కలు చెప్పుకొనే పండితుడను, పై గణితమైనా ఆనాడు వేసి చూడలేదు. స్వామివారిని వెదుకుకొంటూ వెళ్లాను. అప్పటికే ఆయన పరమపదించారు. వారి కుమారుడు పీట వేసి మంచితీర్థం ఇచ్చారు. చెప్పవలసిన మాట ఆయనతోనే చెప్పి వచ్చాను.

జయంతులనాడు అన్నదానానికి విరాళమిచ్చే దాతలకు ఒక మనవి. రసీదులో ఇంగ్లీషు తేదీ మాత్రమే వ్రాయించకండి. శంకర జయంతికైతే "వైశాఖ శుద్ధ పంచమి" అనీ, రామానుజ జయంతికైతే "మేషమాసం, ఆర్ద్ర" అనీ వ్రాయించండి. రెండూ కలిసిన ఏడు వంటశాలలో ఇద్దరి పేరిటా ఒకే పొయ్యి వెలుగుతుంది. ఆ సాయంకాలం మండపంలో మొదటి గంట ప్రబంధ పారాయణానికి, తరువాతి గంట నా భాష్యపాఠానికి. మొదటి గంటలో నేను ముందువరుసలోనే కూర్చుంటాను.