వెన్నులో యంత్రం మొరాయిస్తే

"నిన్నటిదాకా బాగానే పనిచేసిందండీ!" మా కన్సల్టింగ్ వృత్తిలో రోజూ వినే మాట ఇది. ఈ మాట వినగానే మేము అడిగే మొదటి ప్రశ్న కూడా ఒకటే: నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారింది?

రెండేళ్ళ క్రితం జనవరిలో మా అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, ఊళ్ళో వాళ్ళ కంప్యూటర్లన్నీ బాగుచేస్తావు గదా, నా వెన్నులో ఉన్నదాన్ని కూడా కాస్త చూడరా" అంది. నవ్వుతూనే అన్నా గొంతు వణుకుతోంది. నడుముకు రెండు ఆపరేషన్లు జరిగినా ఎడమకాలి నొప్పి తగ్గకపోతే, డాక్టర్లు వెన్నుపాము దగ్గర స్టిమ్యులేటర్ అనే చిన్న యంత్రాన్ని అమర్చారు. ఏడాది పాటు హాయిగా ఉంది. ఆ వారం ఇంటి ముందు మంచు మీద జారి పడింది. మర్నాటి నుంచి కాలిలో రావలసిన జివజివ పక్కటెముకల్లో వస్తోంది, కాలినొప్పి మాత్రం తిరిగి వచ్చింది. క్లినిక్‌కి ఫోన్ చేస్తే "కొన్నాళ్ళు చూడండి, అదే సర్దుకుంటుంది" అన్నారట.

నేను డాక్టర్ని కాను. వైద్యం చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఈ యంత్రంలో బ్యాటరీ, తీగలు, ప్రోగ్రాము, రిమోటు ఉన్నాయి. అలాంటి వ్యవస్థలో తప్పు ఎక్కడుందో వెదికే పద్ధతి మాత్రం మా వృత్తికి బాగా తెలిసినదే.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

తలుపు సందులో వేలు నలిగితే ఏం చేస్తాం? గట్టిగా రుద్దుకుంటాం, నొప్పి కాస్త తగ్గుతుంది. ఎందుకు తగ్గుతుందో వివరిస్తూ 1965లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ఒకరు మాంట్రియాల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో ఎన్నో ఏళ్ళు పనిచేసిన రొనాల్డ్ మెల్జాక్, రెండవవారు పాట్రిక్ వాల్. వెన్నుపాములో ఒక ద్వారం లాంటి ఏర్పాటు ఉందనీ, స్పర్శను మోసే లావుపాటి నాడులు చురుకుగా ఉంటే ఆ ద్వారం మూసుకుని, నొప్పిని మోసే సన్నటి నాడుల సందేశం మెదడు దాకా వెళ్ళదనీ వారి ఊహ. అందులోని వివరాలు తరవాత కొంత మారాయి గాని, ఆ ఊహ ఆధారంగానే 1967లో అమెరికాలో నార్మన్ షీలీ అనే సర్జన్ మొదటి స్టిమ్యులేటర్ అమర్చారు.

ఇందులో ముఖ్యమైన భాగాలు మూడు. వెన్నుపాము పైపొర బయట ఉండే సన్నటి తీగలు. వాటి చివర వరసగా ఎలక్ట్రోడ్లు ఉంటాయి. నడుము కిందో, పిరుదు పైనో చర్మం కింద ఉండే బ్యాటరీ, జనరేటర్ డబ్బా. చేతిలో ఉండే రిమోటు. పాత పద్ధతిలో సెకనుకు సుమారు 40 నుంచి 60 సార్లు విద్యుత్తు పంపుతారు. నొప్పి ఉన్నచోట జివజివ తెలుస్తుంది. కొత్త పద్ధతుల్లో ఒకటి సెకనుకు 10,000 సార్లు పంపుతుంది. అందులో జివజివ ఉండదు కనుక, యంత్రం నడుస్తోందో ఆగిపోయిందో ఒంటికి తెలియదు. అలాంటివారు రిమోటులో చూసుకోవలసిందే.

తప్పు ఎక్కడుంది?

సులువైనదాని నుంచి కష్టమైనదాని వైపు వెళ్ళాలి. ఇంట్లో దీపం వెలగకపోతే ముందు స్విచ్చి చూస్తాం గాని గోడ పగలగొట్టం గదా!

మొదటిది విద్యుత్తు. యంత్రం ఆన్‌లో ఉందా? ఛార్జి ఉందా? రిమోటు బ్యాటరీ అయిపోయిందా? ఛార్జి చేసుకునే రకమైతే ఛార్జర్ సరిగ్గా డబ్బా మీదే ఆనుతోందా? ఒళ్ళు వచ్చినా, డబ్బా లోపల పక్కకు ఒరిగినా ఛార్జింగ్ కుదరకపోవచ్చు.

రెండవది ప్రోగ్రాము. పొరపాటున వేరే నంబరు ప్రోగ్రాములోకి మారి ఉండవచ్చు. భంగిమ వల్ల కూడా తేడా వస్తుంది. వెల్లకిలా పడుకుంటే వెన్నుపాము ఎలక్ట్రోడ్లకు కొంచెం దగ్గరగా జరుగుతుంది, కనుక అదే సెట్టింగులో విద్యుత్తు ఎక్కువైనట్లు అనిపిస్తుంది. ఇది యంత్రం చెడిపోవడం కాదు.

మూడవది తీగలు. తీగ జరిగితే జివజివ వేరేచోట వస్తుంది. తీగ తెగినా, డబ్బా దగ్గర ఊడినా ఆ దారిలో విద్యుత్తు వెళ్ళదు. దీన్ని పట్టుకోవడానికి క్లినిక్‌లో ఇంపెడెన్స్, అంటే విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డు, కొలుస్తారు. అది విపరీతంగా ఎక్కువ ఉంటే దారి తెగిందని, మరీ తక్కువ ఉంటే రెండు దారులు కలిసిపోయాయని అనుమానించాలి. ఇంపెడెన్స్ మామూలుగా ఉండి జివజివ స్థానం మారితే, తీగ తెగలేదు గాని జరిగిందన్నమాట. ఎక్స్‌రే తీసి, ఆపరేషన్ నాటి ఎక్స్‌రేతో పోలిస్తే ఆ సంగతి తేలుతుంది.

నాలుగవది శరీరం. యంత్రంలో ఏ లోపమూ లేకపోయినా కొంతమందిలో కొన్నాళ్ళకు ఫలితం తగ్గిపోతుంది. డబ్బా ఉన్నచోట నొప్పి రావచ్చు. అసలు జబ్బే ముదిరి ఉండవచ్చు.

ఈ వరస పాటించకూడని సందర్భాలు

కాళ్ళలో కొత్తగా బలహీనత, మలమూత్రాల మీద అదుపు తప్పడం, జ్వరంతో పాటు గాయం ఎర్రబడడం లేదా చీము కారడం, ఆపరేషన్ తరవాత లేచి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తీవ్రమైన తలనొప్పి. వీటిలో ఏది కనిపించినా వెదుకులాటలు పక్కనపెట్టి వెంటనే డాక్టరుకు చూపించాలి. మొదటి రెండింటికీ, జ్వరం ఉన్నప్పుడూ నేరుగా ఎమర్జెన్సీకే వెళ్ళాలి. షాకు కొట్టినట్లు అనిపిస్తే ముందు రిమోటుతో యంత్రాన్ని ఆపి, తరవాత క్లినిక్‌కి ఫోన్ చేయాలి.

అక్క డైరీ

"అక్కా, బాగాలేదు అంటే ఎవరూ వినరు. ఎప్పుడు, ఎలా, ఎంత అన్నది రాసి చూపించు" అన్నాను. రెండు వారాలు రాసింది: సమయం, భంగిమ, ప్రోగ్రాము నంబరు, రిమోటులో ఎంత పెట్టింది, జివజివ ఎక్కడ వచ్చింది, నొప్పి పదికి ఎంత. పైన, జారిపడిన తేదీ. ఆ కాగితం చూశాక "సర్దుకుంటుంది" అన్న క్లినిక్ వాళ్ళే ఎక్స్‌రేకి పంపారు. తీగ పైకి జరిగింది.

వెంటనే మళ్ళీ ఆపరేషన్ చేయలేదు. ఒక్కో తీగకు సాధారణంగా ఎనిమిది ఎలక్ట్రోడ్లుంటాయి. పై వాటిని ఆపి, కింది వాటి గుండా విద్యుత్తు పంపేలా ప్రోగ్రాము మార్చారు. నెట్‌వర్కులో ఒక దారి పోతే మరో దారిన పంపడం లాంటిదే ఇది. తీగ మరీ ఎక్కువ జరిగితే ఈ ఉపాయం పనిచేయదు.

ఇతర యంత్రాలతో జాగ్రత్త

ఎమ్మారై తీయించుకునేముందు యంత్రం, తీగలు ఏ మోడలో చెప్పి తీరాలి. కొన్నింటికి షరతులతో అనుమతి ఉంది, కొన్నింటికి లేదు. ఫిజియోథెరపీలో వాడే డయాథర్మీ అనే వేడి చికిత్స మాత్రం వద్దే వద్దు. ఆ శక్తి తీగల గుండా వెళ్ళి వెన్నుపామును కాల్చే ప్రమాదముంది. జివజివ వచ్చే రకమైతే కారు నడిపేటప్పుడు ఆపి ఉంచమంటారు. ఎయిర్‌పోర్టులో కార్డు చూపించి చేతితో తనిఖీ చేయమని అడగవచ్చు. ఇండియా వెళ్ళేవారు ఛార్జర్, కార్డు, ప్రోగ్రాము వివరాల ప్రింటు చేతిసంచిలోనే పెట్టుకోవాలి. ఆ కంపెనీ యంత్రాన్ని చూడగలిగే ఆసుపత్రి అక్కడ ఎక్కడుందో బయలుదేరేముందే కనుక్కోవాలి.

ఎంతవరకు నమ్మాలి?

2018లో ప్రపంచవ్యాప్త పాత్రికేయ బృందం ఒకటి వైద్య పరికరాలపై పరిశోధన ప్రచురించింది. కెనడాలో సీబీసీ, టొరాంటో స్టార్ అందులో పాల్గొన్నాయి. 2020లో అమెరికా ఎఫ్‌డీయే డాక్టర్లకు రాసిన లేఖ ప్రకారం, అంతకుముందు నాలుగేళ్ళలో ఈ స్టిమ్యులేటర్ల గురించి 1,07,728 నివేదికలు అందాయి. అందులో 77,937 రోగికి హాని జరిగిందన్నవి. నివేదిక వచ్చినంత మాత్రాన తప్పు యంత్రానిదేనని రుజువైనట్లు కాదు. శాశ్వతంగా అమర్చేముందు తాత్కాలికంగా పెట్టి పరీక్షించాలని ఆ లేఖ గుర్తుచేసింది.

2022లో నార్వేలో 50 మందిపై జరిపిన ఒక అధ్యయనంలో, విడతలుగా విద్యుత్తు పంపే ఒక పద్ధతికీ ఉత్తుత్తి చికిత్సకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నడుమునొప్పికి ఈ చికిత్స వల్ల నిలకడైన లాభానికి ఆధారాలు బలంగా లేవని 2023లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఈ ఫలితాలతో విభేదించే నిపుణులూ ఉన్నారు. ఇంకా పెట్టించుకోనివారు డాక్టర్ని ఇవన్నీ అడిగి నిర్ణయించుకోవడం మంచిది.

నివేదిక ఇవ్వడం మన హక్కు

కెనడాలో 2014లో వనెస్సా చట్టం వచ్చింది. 2000లో ఒక మందు వాడుతూ 15 ఏళ్ళకే మరణించిన వనెస్సా యంగ్ పేరు దానికి పెట్టారు. ఆ చట్టం కింద 2019 డిసెంబరు 16 నుంచి ఆసుపత్రులు వైద్య పరికరాల వల్ల జరిగిన తీవ్ర సంఘటనలను 30 రోజుల్లో హెల్త్ కెనడాకు తెలపాలి. రోగులు కూడా నేరుగా తెలపవచ్చు. అందుకు మోడల్, సీరియల్ నంబర్లు చేతిలో ఉంటే మేలు. వాటిని ఇవాళే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

మా అక్కకు నొప్పి పూర్తిగా పోలేదు. మునుపు పదికి మూడు ఉండేది, ఇప్పుడు అయిదు. మళ్ళీ ఆపరేషన్ చేస్తే తీగను పాతచోట పెట్టవచ్చన్నారు. ఇన్ఫెక్షన్ భయముందని కూడా చెప్పారు. "అయిదుతో బతకగలనురా, ప్రస్తుతానికి వద్దు" అంది. డైరీ రాయడం మాత్రం మానలేదు. ఈ చలికాలం ఇంటి ముందు మంచు తీసి ఉప్పు చల్లే పని బావగారు, నేను వంతులు వేసుకున్నాం.