పాత ఫైబరు పడవ

2019లో సిరిసిల్ల చెంతనున్న మధ్య మానేరు జలాశయమునకు కాళేశ్వరపు నీరు చేరినది మొదలు మన ప్రాంతమువారికిని పడవలతో పని కలిగినది. పాత ఫైబరు పడవను కొన్నవారు మొదటనే రంగు డబ్బా తెచ్చుట మేము మెచ్చము. గాజునార కుళ్లదు గాని, మోటారు బిగించు వెనుకపలకలోని చెక్క కుళ్లును. బోల్టు రంధ్రములగుండ దిగిన నీరు పైకి కానరాదు. ఆ పలక ఊడినయెడల మోటారుతోకూడ మనుష్యులును మునుగుదురు.

సుత్తితో మెల్లగా తట్టి చూడుడి. గట్టి చెక్క టక్కున పలుకును. కుళ్లినది బోలుగా పలుకును. కుళ్లినదంతయు తీసి, ఎండనిచ్చి, క్రొత్త చెక్క అమర్చి, గాజునార చాపను రెసినుతో తడిపి పొరలుగా అతికింపవలయును. పగులు అంచులను మందమునకు 12 రెట్ల దూరము ఏటవాలుగా అరగదీయుడి. లేనియెడల అతుకు నిలువదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు కీడు, సన్నని ధూళిని ఆపు మాస్కు ధరించుడి. (నోవహు సహితము ఓడకు వెలుపలనే గాక లోపలను కీలు పూసెను.)

పిల్లలను ఎక్కించకమునుపు ఇసుక మూటలు వేసి, ఒడ్డు చెంతనే ఒక దినము తేలనిచ్చి చూడుడి.