గోడ తెలిసినవాళ్లదే బొమ్మ పని

తుంబలహళ్లి, పాలక్కోడు, కారిమంగళం వైపు నుంచి రంగుల పనికి హోసూరు, బెంగళూరు వెళ్లే మన తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు పడకగదిలో ఒక్క గోడ మీదైనా బొమ్మ వేయించుకోవాలని ముచ్చటపడుతున్నారు. అడిగినప్పుడు “అది ఆర్టిస్టుల పని, మాకు రోలరు పనే వచ్చు” అని వెనక్కి తగ్గకండి. బొమ్మ ఏళ్ల తరబడి నిలవడానికి కావలసిన పనిలో పెద్ద భాగం ఇప్పటికే మీ చేతిలో ఉంది. చెమ్మ ఎక్కడ దాక్కుంటుందో, పుట్టీ ఎప్పటికి ఆరుతుందో మీకు తెలుసు. గీత గీయడం సాధనతో వస్తుంది.

ధర్మపురి దగ్గర అదియమాన్‌కోట్టైలో చెన్నరాయ పెరుమాళ్ గుడి ఉంది. ఒకసారి వెళ్లి మండపం కప్పు మీది రామాయణ, భారత చిత్రాలు తలెత్తి చూడండి. వీలు చిక్కితే లేపాక్షి వీరభద్రస్వామి గుడి కూడా చూడండి. 16వ శతాబ్దంలో విజయనగర కాలపు చిత్రకారులు అక్కడ రాతికప్పుకు సున్నపు గార పూసి, ఆ గార మీద రంగులు వేశారు. గార పట్టు విడవని చోట చీరల అంచులు కూడా ఇప్పటికీ ఆనవాలు పట్టేలా కనిపిస్తాయి. గార రాలిన చోట దానితోపాటు బొమ్మా పోయింది. మన పనికి అంతకు మించిన పాఠం లేదు.

గోడను పరీక్షించాకే మాట ఇవ్వండి

పని ఒప్పుకునే ముందు అరచేత్తో గోడను రుద్దండి. చేతికి తెల్లగా సున్నం అంటితే, గట్టి పొర తగిలేదాకా గీకాల్సిందే. పాత రంగు మీద టేపు గట్టిగా అంటించి ఒక్కసారిగా లాగండి. దానితోపాటు పెచ్చులు ఊడొస్తే ఆ రంగు మీద ఏదీ నిలవదు. చెమ్మ అనుమానం ఉంటే రెండడుగుల పాలిథిన్ కాగితాన్ని గోడకు పరిచి, నాలుగు వైపులా గాలి చొరకుండా టేపు వేసి ఒక రోజు వదిలేయండి. గోడవైపు నీటి బిందువులు కనిపిస్తే లోపల నీరుందన్నమాట. వెనక బాత్‌రూము ఉందేమో, మిద్దె కారుతోందేమో చూడండి. ముందు అది బాగు చేయించమని యజమానికి చెప్పండి. చెమ్మ మీద పుట్టీ పెట్టి మూసేస్తే వానలు రాగానే ఉబ్బుతుంది, చెడ్డపేరు మీకు వస్తుంది. కొత్త ప్లాస్టరింగ్ అయితే క్యూరింగ్ పూర్తై, గోడ బాగా ఆరేదాకా ఆగండి. కనీసం 28 రోజులు కావాలి.

పాత ఇళ్లలో ఆయిల్ ఎనామెల్ ఉంటే పొడిగా రుద్దవద్దు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లో ఉంది. అంతకు ముందు వేసిన పూతల్లో ఎంత ఉందో కంటితో చెప్పలేం. తడిపి రుద్దండి, మాస్కు కట్టుకోండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి, రాలిన పొడిని ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిచి ఎత్తండి.

మంచం మీద నుంచి చూడండి

ఇది పడకగది. బొమ్మను రోజూ చూసేవాళ్లు పడుకుని చూస్తారు. అందుకే మంచం ఎక్కడ వేస్తారో ముందు అడగండి. తలవైపు గోడ అయితే కింది మూడు నాలుగు అడుగులు మంచం పలకా దిండ్లూ కప్పేస్తాయి. చెట్టు మొదలు అక్కడ ఉన్నా ఫరవాలేదు, పక్షి ముఖం మాత్రం ఆ ఎత్తు దాటాక రావాలి. కాళ్లవైపు గోడ అయితే కళ్లు తెరవగానే కనిపించేది అదే, కాబట్టి ముదురు ఎరుపులు, ఇరుకైన గీతల గుంపులు తగ్గించండి. స్విచ్‌బోర్డులు, ఏసీ పైపు, తెరుచుకున్న బీరువా తలుపు ఎంతవరకు వస్తుందో అన్నీ కొలిచి కాగితం మీద గుర్తు పెట్టుకోండి. మెరిసే పూత వేస్తే ట్యూబ్‌లైటు వెలుగు బొమ్మ మీద తెల్లటి చారలా పడుతుంది. మ్యాట్ రకం ఎమల్షనే వాడండి.

మొదట్లో తేలికైన నమూనాలు ఎంచుకోండి. ముగ్గు అంచులు, ఒకే కొమ్మ, మామిడాకులు, కలంకారీ పద్ధతి చెట్టు, రెండు మూడు కొండల వరసలు చాలు. ఇంటర్నెట్‌లో దొరికిన మరొకరి బొమ్మను మక్కికి మక్కి దించవద్దు. పిల్లల గదికి సినిమా కార్టూన్లు అడుగుతారు. వాటి మీద హక్కులు కంపెనీలవి. మన పొలంలోని ఆవు, కోడి, నెమలి వేస్తామని చెప్పి చూడండి.

గీత, రంగు

రెండు పల్చటి పూతల పుట్టీ, ఎమెరీ రుద్దుడు, ప్రైమర్, రెండు చేతులు బేస్ రంగు. ప్రతి పూతకూ డబ్బా మీద రాసిన ఆరే సమయం ఇవ్వండి. తర్వాత కాగితం మీది నమూనాను అంగుళానికి ఒక గడిగా, గోడను అడుగుకు ఒక గడిగా విడదీయండి. నిలువు గీతలకు తూకం గుండు, అడ్డ గీతలకు రసమట్టం వాడండి. ఒక్కో గడిలో ఉన్నది ఆ గడిలోనే గీస్తే పెద్ద బొమ్మ కూడా కొలత తప్పదు. గీతలకు లేత సుద్ద మేలు. బాల్‌పెన్ను, స్కెచ్ పెన్ను ముట్టుకోవద్దు, ఆ సిరా పై రంగులోంచి పైకి ఊరుతుంది.

ఒక రంగు గోడంతటికీ ఎంత కావాలో అంతా ఒకేసారి కలపండి. మధ్యలో మళ్లీ కలిపితే ఛాయ మారుతుంది. స్టెయినర్ మోతాదు డబ్బా మీద చెప్పిన దాన్ని దాటితే పూత సరిగా ఆరదు. ముదురు రంగులు అంగట్లో మిషన్ మీద కలిపించి, ఆ రంగు నంబరు రాసుకోండి. ముందు దూరపు నేపథ్యం, తర్వాత పెద్ద ఆకారాలు, చివర్న సన్నగీతలు. టేపు వాడితే రంగు పూర్తిగా గట్టిపడకముందే మెల్లగా లాగండి.

ధర చెప్పేటప్పుడు

దినకూలి లెక్కలో బొమ్మ పని ఒప్పుకోవద్దు. 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు గోడ అంటే 80 చదరపు అడుగులు. గోడ సిద్ధం చేయడానికి 2 రోజులు, బేస్‌కు 1, గీతకు 1, రంగుకు 3, మొత్తం 7 రోజులు అనుకుందాం. మీ రోజు విలువ 1,000 రూపాయలు అనుకుంటే 7,000. నమూనా తయారీకి 1,500, రాకపోకలకు 500 కలిపితే 9,000. అడుగుకు సుమారు 112 రూపాయలు పడుతుంది, సామాను విడిగా. పక్కవాడు 60కే చేస్తానన్నాడని మీరూ 60 అంటే, రోజుకు 400 మాత్రమే మిగులుతుంది. అంకెలు మీ ఊరి ధరలను బట్టి మార్చుకోండి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

ఒప్పందాన్ని వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉంచండి. గోడ ఫొటో, ఒప్పుకున్న నమూనా, కొలత, ఎన్నిసార్లు మార్పులు ఉచితం, చెమ్మ పని మీ బాధ్యత కాదన్న మాట, అన్నీ అందులో ఉండాలి. డబ్బు మూడు వాయిదాల్లో అడగండి: సామాను ముందు, గీత ఒప్పుకున్నాక, పని ముగిశాక. ఇది వాళ్ల పడకగది కాబట్టి వచ్చే వేళ, వెళ్లే వేళ ముందే చెప్పండి. ఇంట్లోవాళ్లు సరేనన్నాకే ఫొటో తీసుకోండి.

తమిళనాడు నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పెయింటర్లకూ చోటుంది. ఇంకా పేరు నమోదు చేసుకోకపోతే ఈ నెలలోనే చేయించుకోండి. నిచ్చెన మీద బతికేవాళ్లకు అది అవసరం.

మొదటి బొమ్మ మీ ఇంట్లోనో అక్కగారింట్లోనో వేయండి. బయటి పనులు మొదలయ్యాక, మిగిలిన రంగుల్ని చిన్న సీసాల్లో పోసి, నంబర్లు రాసి యజమానికి ఇవ్వండి. అక్టోబరు, నవంబరు వానలు వెళ్లాక ఒకసారి వెళ్లి గోడ చూసి రండి. ఎక్కడైనా మచ్చ పడితే కారణం చెప్పి సరిచేయండి. బొమ్మ వేసి వెళ్లిపోయే ఆర్టిస్టు ఈ పని చేయలేడు, గోడ తెలిసిన మీరు చేయగలరు. తర్వాతి ఇంటికి మీ పేరు చెప్పేది కూడా ఆ యజమానే.