పాదిరి గారు వద్దన్న రుజువు

ఫిరంగిపురం

చిట్టితల్లీ,

ఆదివారం నీ ఫోను పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. హాస్టల్లో నీ గదిలో ఉండే అమ్మాయి "మీ ఆర్.సి.యం. వాళ్ళు విగ్రహాలకు మొక్కుతారు" అందనీ, ఆఫీసులో ఒకతను "సైన్సు వచ్చాక ఇంకా దేవుడేంటి" అని నవ్వాడనీ, రెండుసార్లూ నీకు నోరు పెగల్లేదనీ చెప్పావు. వాళ్ళ నోరు మూయించే జవాబులు నాలుగు రాసి పంపమన్నావు. పంపనమ్మా. ఒకప్పుడు నా దగ్గర అలాంటివి సంచెడు ఉండేవి.

బెజవాడలో పాఠాలు చెప్పే రోజుల్లో మా బళ్ళో లెక్కల మాస్టారొకాయన పక్కా హేతువాది. ఆయన పటమటలో గోరా గారి నాస్తిక కేంద్రానికి వెళ్ళొచ్చేవాడు, నేను గుణదల కొండెక్కి వచ్చేవాణ్ణి. మధ్యాహ్నం టీ దగ్గర రోజూ యుద్ధమే. ఒకరోజు బ్రహ్మాస్త్రం తీశాను. "విశ్వం విస్తరిస్తోందని 1927లోనే రాసింది ఎవరనుకున్నావు? మీరు గొప్పగా చెప్పుకునే బిగ్ బ్యాంగ్‌కు మూలపురుషుడు మా కతోలిక గురువు, బెల్జియం దేశస్థుడు జార్జి లెమెత్ర్. ఇక సృష్టికర్త ఉన్నాడని ఒప్పుకో" అన్నాను. మాస్టారు గ్లాసు ఖాళీ చేసి, తాపీగా, "దాన్ని అలా వాడొద్దన్నది కూడా ఆ పాదిరి గారేనయ్యా" అన్నాడు.

నాకు తెలియదు. వెతికి చదివితే నిజమే. 1951లో 12వ పయస్ పోపు గారు ఒక ప్రసంగంలో, ఆదిలో వెలుగు కలగాలన్న దేవుని మాటకు ఈ కొత్త ఖగోళశాస్త్రం సాక్ష్యం పలుకుతోందన్న ధోరణిలో మాట్లాడారు. లెమెత్ర్ గారికి అది నచ్చలేదు. తనది విశ్వం ఎలా పెరిగిందో చెప్పే లెక్క, దాంతో దేవుణ్ణి నిలబెట్టడమూ కుదరదు, పడగొట్టడమూ కుదరదు అన్నది ఆయన పట్టు. మరుసటి ఏడాది రోములో కూడిన ఖగోళ శాస్త్రజ్ఞులతో మాట్లాడినప్పుడు పోపు గారు ఆ ఊసెత్తలేదు. ఆలోచించు. సొంత సిద్ధాంతం, పైగా పోపు గారే మెచ్చుకుంటున్నారు, అయినా ఆయన వద్దన్నాడు. పూజా చేశాడు, లెక్కలూ వేశాడు, రెంటినీ కలగాపులగం మాత్రం చెయ్యలేదు. రేపు ఆ లెక్క మారితే దాని మీద కట్టిన విశ్వాసం ఏమైపోవాలి?

అందుకని మీ ఆఫీసతను మళ్ళీ కదిపితే, ముందు ఆయన ప్రశ్నేమిటో కనుక్కో. లోకం ఎలా నడుస్తోందన్నదా, అసలు ఏమీ లేకపోవడానికి బదులు ఏదో ఒకటి ఎందుకుందన్నదా? మొదటిదైతే మనకు తగవే లేదు. రెండోదైతే ఏ ప్రయోగశాలా తేల్చదు, కూర్చుని మాట్లాడుకోవచ్చు. గెలీలియో పేరెత్తితే మాత్రం వాదించకు. 1633లో ఆయనకు శిక్ష వేయడం మనవాళ్ళ తప్పు. ఆ పొరపాటును 2వ జాన్ పాల్ పోపు గారు 1992లో బహిరంగంగా ఒప్పుకున్నారు. నువ్వు అంత కాలం తీసుకోవద్దు.

పోపు గారు ఏం మాట్లాడినా తప్పుండదని మనం నమ్ముతామని కూడా అంటారు. నమ్మం. 1870 నాటి మహాసభ చెప్పింది, విశ్వాస నైతిక విషయాల్లో శ్రీసభ అంతటికీ గంభీరంగా నిర్వచించి ప్రకటించే మాట గురించి. ఆ తర్వాత అలా ప్రకటించింది ఒక్కసారే, 1950లో, మరియమాత మోక్షారోపణం.

ఇక నీ గదిలో అమ్మాయి. ఆమె నిర్గమకాండం 20వ అధ్యాయం తీస్తుంది, బైబులు బాగా చదివే పిల్లలా ఉంది. నువ్వు 25 చూపించు. మందసం మీద కెరూబులను చేయించమన్నది దేవుడే. మోషే చేత ఇత్తడి సర్పం చేయించిందీ ఆయనే. ఆరాధన దేవుడికొక్కడికే, స్వరూపం ముందు చేసే వందనం ఆ స్వరూపం ఎవరిదో వారికి చెందుతుందని 787లోనే నైసియా మహాసభ తేల్చింది. ఇంతవరకు నీదే పైచెయ్యి. కానీ ఆమె గట్టిదైతే రాజులు రెండో గ్రంథం 18వ అధ్యాయం తీస్తుంది. అదే ఇత్తడి సర్పానికి జనం ధూపం వేయడం మొదలెడితే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. అప్పుడు తల ఊపు, మనలోనూ అది ఉంది. 1924లో ఆర్లాటి ఫాదర్ గారు గుణదలలో మాత స్వరూపం నిలిపారు. అక్కడ ఫిబ్రవరి తిరునాళ్ళకు తలనీలాలిచ్చి, కొబ్బరికాయలు కొట్టి వచ్చేసే వాళ్ళలో, కొడుకు ఊసు లేకుండా తల్లితోనే బేరం కుదుర్చుకునే వాళ్ళూ ఉన్నారు. నేనూ ఒకప్పుడు, మీ నాన్న పరీక్షలప్పుడు, అలాంటి బేరమే పెట్టాను. కానా పెళ్ళిలో ఆమె పనివాళ్ళను ఎవరి మాట వినమందో మర్చిపోతే, ఆ అమ్మాయి అడిగేది మనం అడగాల్సిన ప్రశ్నే.

ఒకటి ఎవరూ అడక్కముందే చెబుతున్నాను, కులం. సమాధుల దొడ్డిలో కూడా గీత గీసుకున్న ఊళ్ళు చూశాను. 2022లో మన పూల అంతోని గారు దళితుల్లోంచి తొలి కార్డినల్ అయిన రోజున నాకు కన్నీళ్ళాగలేదు. అయినా ఆయన్ను అడ్డుపెట్టుకుని ఈ సంగతి దాటెయ్యకు. జ్ఞానస్నానంలో అందరికీ ఒకే నీళ్ళన్నది మన విశ్వాసం, దాన్ని నువ్వు నిలబడి సమర్థించు. సమాధుల మధ్య గీతను సమర్థించే పని నీకు లేదు.

పేతురు మొదటి లేఖ, మూడో అధ్యాయం ఒకసారి చదువు. జవాబు సిద్ధంగా పెట్టుకోమన్న మాట అందరూ వల్లిస్తారు, సాత్వికంగా చెప్పమన్న ముక్కను మాత్రం మింగేస్తారు. నేను కూడా చాలా ఏళ్ళు మింగాను. అయినా లెక్కల మాస్టారు టీకి పిలవడం మానలేదు, అది ఆయన మంచితనం.

మనిషి దగ్గర పాపసంకీర్తనం ఎందుకని కూడా ఆ అమ్మాయి అడిగిందన్నావు. యోహాను 20వ అధ్యాయం చూపించవచ్చు గానీ, దాని గురించి నాకు సరిగ్గా చెప్పడం రాదు. మీ నాయనమ్మ నలభై ఏళ్ళుగా మొదటి శుక్రవారం తప్పకుండా వెళుతోంది. పండక్కి వచ్చినప్పుడు వంటింట్లో ఆవిడ పక్కన కూర్చుని అడుగు, నేను బయట వరండాలో ఉంటాను.

తాతయ్య