త్రాసు చెప్పే సత్యం

‘పిట్ట కొంచెం, కూత ఘనం’ అనే సామెత మీరు వినే ఉంటారు. కిరాణా అంగడిలో బొరుగుల బస్తా చూడటానికి ఎంతో పెద్దది. అయినా దానిని పిల్లవాడు సైతం ఎత్తగలడు. అందులో సగమైనా లేని బియ్యం మూటను ఎత్తడానికి పెద్దవాళ్లే ఆయాసపడతారు. కాబట్టి చూపును బట్టి తూకాన్ని నిర్ణయించరాదు.

వస్తువు ఆక్రమించే చోటు దాని పరిమాణం. అందులోని పదార్థం ఎంతో తెలిపేది ద్రవ్యరాశి. భూమి దానిని తన వైపు లాగే బలం బరువు. ఈ లాగుడునే గురుత్వాకర్షణ అంటాము. వస్తువును ఎక్కడికి తీసుకుపోయినా ద్రవ్యరాశి మారదు, బరువు మారుతుంది. 2023లో శ్రీహరికోట నుండి వెళ్లిన చంద్రయాన్-3 చంద్రునిపై దించిన ప్రజ్ఞాన్ బండి ద్రవ్యరాశి 26 కిలోలు. అక్కడా అది 26 కిలోలే. కాని అక్కడ దాని బరువు భూమి మీది బరువులో ఆరోవంతు మాత్రమే.

చంద్రుని దాకా పోనక్కరలేదు. భూమి మీద కూడా ఆకర్షణ అన్నిచోట్లా సమానం కాదు. తన చుట్టూ తాను తిరగడం వల్ల భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బి, ధ్రువాల దగ్గర అణగి ఉంది. అందువల్ల భూమధ్యరేఖకు చేరువలోని చెన్నైలో ఆకర్షణ లండనులో కంటే కొంచెం తక్కువ.

దీనిని మన నగరంలోనే కొలిచి చూశారు. నుంగంబాక్కంలో 1792లో ఖగోళ పరిశోధనాలయం వెలసింది. అందులోని 15 అడుగుల గ్రానైటు స్తంభం నేటికీ వాతావరణ కేంద్రం ఆవరణలో నిలిచి ఉంది. దానిపై తెలుగు శాసనం కూడా ఉంది. ఆ పరిశోధనాలయంలో 1821లో జాన్ గోల్డింగ్‌హామ్ లోలకంతో ప్రయోగాలు చేశాడు. ఒక కొస నుండి మరొక కొసకు సరిగ్గా ఒక సెకనులో ఊగాలంటే లోలకం లండనులో దాదాపు 99.4 సెంటీమీటర్లు ఉండాలి. చెన్నైలో 99.1 సెంటీమీటర్లు చాలు. తేడా 3 మిల్లీమీటర్లే! కాని లండనులో సరిచేసిన లోలక గడియారాన్ని అలాగే ఇక్కడ నడిపితే, రోజుకు 2 నిమిషాలకు పైగా వెనుకబడుతుంది.

తూకం సంగతీ ఇంతే. లండనులో సరిచూసిన స్ప్రింగు త్రాసును చెన్నైకి తెస్తే, అది 100 కిలోల బియ్యాన్ని సుమారు 99.7 కిలోలుగా చూపుతుంది. 300 గ్రాముల బియ్యం ఎవరూ దొంగిలించలేదు. ఈ సంగతి తెలియనివాడు నిజాయితీగల వర్తకుణ్ణి మోసగాడంటాడు!

రెండు పళ్లేల త్రాసులో ఈ చిక్కు లేదు. ఒకవైపు బియ్యం, మరొకవైపు తూకపురాళ్లు ఉంటాయి. భూమి రెండింటినీ ఒకే తీరున లాగుతుంది. అందువల్ల లండనులో సమానంగా నిలిచిన ముల్లు చెన్నైలోనూ అలాగే నిలుస్తుంది. నేటి అంగళ్లలోని ఎలక్ట్రానిక్ త్రాసులు లాగుడు బలాన్నే కొలుస్తాయి. అందుకే వాటిని వాడే ప్రాంతంలోనే తెలిసిన తూకపురాళ్లతో సరిచూడాలి. కొనేవారికీ, అమ్మేవారికీ న్యాయం జరిగేది అప్పుడే.

అర్థాలు

లోలకం = వేలాడుతూ అటూ ఇటూ ఊగే గుండు
శాసనం = రాతిపై చెక్కిన వ్రాత
ఆవరణ = ప్రాంగణం

ప్రశ్నలు

1. ద్రవ్యరాశికి, బరువుకు గల భేదమేమి?
2. లండను గడియారం చెన్నైలో ఎందుకు వెనుకబడుతుంది?
3. చంద్రునిపై రెండు పళ్లేల త్రాసు సరిగా తూచగలదా? కారణం వ్రాయండి.
4. మీ ఇంటి దగ్గరి అంగడిలోని త్రాసును పరిశీలించి ఐదు వాక్యాలు వ్రాయండి.